మందు ‘పడలేదు’ అంటే ఒంట్లో ఏం జరిగినట్టు? యాంటీబయాటిక్ అలర్జీపై తరచుగా అడిగే ప్రశ్నలు

నల్లగొండలో చిన్న మెడికల్ షాపు నాది. ఫార్మసీ చదివాను, డాక్టర్‌ను మాత్రం కాదు, ముందే చెప్పేస్తున్నా. కౌంటర్ అవతల నుంచి రోజూ వినిపించే మాట ఒకటుంది: "అన్నా, నాకు ఆ గోలీ పడదు." ఏ గోలీ అంటే పేరు తెలియదు, తెల్లగా పొడుగ్గా ఉంటుందట. ఏమైంది అని అడిగితే ఒకాయన నాలుగు మోషన్లు అయ్యాయంటాడు, ఒకామె ఒళ్లంతా దద్దుర్లు లేచాయంటుంది, ఇంకొకాయన సూది వేయించుకుని కుర్చీలోనే ఒరిగిపోయాడట. ముగ్గురూ చెప్పేది ‘పడలేదు’ అనే. వాళ్ల ఒంట్లో జరిగినవి మాత్రం మూడు వేర్వేరు సంగతులు, తర్వాత పడాల్సిన జాగ్రత్తలు కూడా వేరే. జనం అడిగినవి అడిగిన తీరులోనే కింద రాశాను.

యాంటీబయాటిక్ వేసుకుంటే కడుపులో తిప్పుతుంది, మోషన్లు అవుతాయి. అంటే నాకు అలర్జీ ఉన్నట్టేనా?

లేదు. మందు రోగక్రిములతో పాటు పేగుల్లో ఉండే మంచి బ్యాక్టీరియాను కూడా చంపుతుంది కాబట్టి కడుపు పాడవుతుంది. అమాక్సిసిలిన్-క్లావులనేట్ గోలీలతో ఇది మరీ ఎక్కువ. దీన్ని సైడ్ ఎఫెక్ట్ అంటారు, ఇందులో రోగనిరోధక వ్యవస్థకు ఏ పాత్రా లేదు. డాక్సీసైక్లిన్ వేసుకుని పత్తి చేలో పొద్దంతా పనిచేస్తే చర్మం కమిలిపోవడం కూడా అంతే, ఆ మందు చర్మంలో ఉండగా ఎండ తగిలితే జరిగే గొడవ అది. మెట్రోనిడజోల్ వేసుకుంటూ కల్లు తాగి, ముఖం ఎర్రబడి వాంతులు చేసుకుని "గోలీ రియాక్షన్ ఇచ్చింది" అని వచ్చినవాళ్లను కూడా చూశాను. మద్యం వద్దని మందుతో వచ్చే కాగితంలోనే రాసి ఉంటుంది, ఎవరు చదువుతారు.

మీ రోగనిరోధక వ్యవస్థ ఆ మందును గుర్తుపట్టి దాని మీదికి లేస్తేనే అలర్జీ అనాలి.

ఒంటిని కాపాడే వ్యవస్థకు మందు శత్రువులాగా ఎందుకు కనిపిస్తుంది?

నాకు బాగా ఇష్టమైన ప్రశ్న ఇది. నిజానికి పెన్సిలిన్ లాంటి మందు అణువు చాలా చిన్నది, దాన్ని ఒంటరిగా వదిలేస్తే రోగనిరోధక వ్యవస్థ కంటికి ఆనదు. చిక్కంతా దాని నిర్మాణంలో ఉంది. పెన్సిలిన్‌లో బీటా లాక్టమ్ అనే నాలుగు మూలల ఉంగరం ఉంటుంది, బాగా వంచి కట్టిన వెదురుబద్దలా అది ఎప్పుడూ బిగుసుకుని ఉంటుంది. ఒంట్లోకి వెళ్లాక అది పుటుక్కున తెగి, రక్తంలో తిరిగే ఆల్బుమిన్ లాంటి ప్రోటీన్లకు పల్లేరుకాయలా అతుక్కుంటుంది. ఇలా ప్రోటీన్‌కు అతుక్కుంటే తప్ప గుర్తింపు రాని చిన్న అణువులను హాప్టెన్లు అంటారు.

హోలీ నాడు ముఖం నిండా రంగు పూసుకుని ఇంటికొస్తే మన కుక్కే మన మీద మొరుగుతుంది చూడండి, అట్లాగే. ప్రోటీన్ మనదే, దాని మీది రంగు మాత్రం కొత్తది. కొందరి ఒంట్లో కాపలా కణాలు ఆ రంగును చూసి బయటివాడు వచ్చాడనుకుంటాయి. చాలామందిలో అస్సలు పట్టించుకోవు. ఒకరిలో మొరిగి ఇంకొకరిలో ఎందుకు ఊరుకుంటాయనే దానికి జన్యువులు కొంత కారణం. కుష్ఠుకు వాడే డాప్సోన్‌తో వచ్చే తీవ్రమైన రియాక్షన్‌కు హెచ్‌ఎల్‌ఏ-బి 13:01 అనే జన్యు రకంతో సంబంధం ఉందని తేలింది.

ఇదివరకు పదిసార్లు వేసుకున్నా, ఏం కాలేదు. ఇప్పుడెందుకు దద్దుర్లు వచ్చినట్టు?

ఇదివరకు వేసుకున్నారు కాబట్టే. వెంటనే వచ్చే రకం అలర్జీకి రెండు దశలుంటాయి. ఏదో ఒకసారి మందు తీసుకున్నప్పుడు బీ కణాలు అనే ఒక రకం కాపలా కణాలు దాన్ని గుర్తుపెట్టుకుని ఐజీఈ అనే యాంటీబాడీలను తయారుచేస్తాయి. ఇవి వెళ్లి చర్మం కింద, ఊపిరి గొట్టాల్లో, పేగుల్లో, రక్తనాళాల చుట్టూ ఉండే మాస్ట్ కణాల మీద కూర్చుంటాయి. అప్పటికి మీకేమీ తెలియదు, దురద కూడా ఉండదు. తర్వాత ఎప్పుడో అదే మందు మళ్లీ వచ్చి పక్కపక్కన ఉన్న రెండు ఐజీఈలను కలిపి పట్టుకుందంటే మాస్ట్ కణం పగిలినట్టు తన సరుకంతా బయటికి కక్కేస్తుంది. ఐజీఈని 1966లో బయటపెట్టింది ఇషిజాకా అనే శాస్త్రవేత్తల దంపతులు, స్వీడన్‌లో ఇంకొక బృందం కూడా దాదాపు అదే సమయంలో దాన్ని పట్టుకుంది. అంతకుముందు రక్తంలో ఏదో ఉందని తెలుసు గానీ, దాని పేరేంటో తెలియదు.

అందుకే "పోయినసారి ఏం కాలేదు కదా" అనేది ఎవరికీ గ్యారంటీ కాదు. అలాగని ప్రతి గోలీకీ టెన్షన్ పడాల్సిన పని కూడా లేదు, ఎక్కువమందికి ఎన్నిసార్లు వాడినా ఏమీ కాదు.

సూది వేసిన పది నిమిషాల్లో మనిషి పడిపోయాడు. లోపల ఏం జరుగుతుంది, పక్కనున్నవాళ్లం ఏం చేయాలి?

పేపర్లో "ఇంజెక్షన్ వికటించి" అని రాసే వార్తల్లో కొన్ని ఇవే. మాస్ట్ కణాలు కక్కిన దాంట్లో హిస్టమిన్, ట్రిప్టేజ్, ల్యూకోట్రైన్లు ఉంటాయి. వీటి దెబ్బకు సన్న రక్తనాళాలు వెడల్పై కారడం మొదలుపెడతాయి. చర్మంలో కారితే దద్దుర్లు, పెదవులు, నాలుక, గొంతులో కారితే వాపు. ఊపిరి గొట్టాలు బిగుసుకుంటే పిల్లికూతలు, ఆయాసం. ఒళ్లంతా ఒకేసారి కారితే రక్తనాళాల్లో ఉండాల్సిన నీరు బయటికి పోయి బీపీ పడిపోతుంది, మనిషి కుప్పకూలుతాడు. ఇదే అనఫిలాక్సిస్. సూది మందుతో నిమిషాల్లో రావచ్చు, గోలీతో అయితే కాస్త ఆలస్యంగా, ఎక్కువగా గంటలోపే మొదలవుతుంది. ఒక్కోసారి దద్దుర్లు లేకుండానే బీపీ పడిపోతుంది, అందుకని "ఒంటి మీద ఏమీ లేదు కదా" అని ఊరుకోకూడదు.

పక్కనున్నవాళ్లు మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి కాళ్ల కింద ఎత్తు పెట్టాలి. ఊపిరి ఆడక కూర్చుంటానంటే కూర్చోనివ్వండి గానీ లేపి నడిపించకండి, బీపీ పడిపోయిన మనిషిని ఒక్కసారిగా నిలబెడితే గుండెకు రక్తం అందక అక్కడికక్కడే ప్రాణం పోవచ్చు. వాంతి అవుతుంటే పక్కకు తిప్పండి. 108కి ఫోన్ కొట్టండి. దవాఖానలోనే ఉంటే అడ్రినలిన్ ఉందా అని అడగండి, మొహమాటపడొద్దు.

అవిల్, డెక్సా వేస్తే తగ్గిపోదా? మా ఊళ్లో అందరికీ అదే వేస్తారు.

దద్దుర్లకు, దురదకు తగ్గుతుంది. అనఫిలాక్సిస్‌కు అది మందు కాదు. అవిల్ హిస్టమిన్ కూర్చునే కుర్చీని మాత్రమే ఆక్రమిస్తుంది, మిగతా రసాయనాలు వాటి పని అవి చేసుకుపోతుంటాయి. డెక్సా లాంటి స్టెరాయిడ్ పనిచేయడానికి గంటలు పడుతుంది, ఇక్కడ మన చేతిలో ఉండేవి నిమిషాలు. అడ్రినలిన్ ఒక్కటే కారుతున్న నాళాలను బిగించి, ఊపిరి గొట్టాలను తెరిచి, మాస్ట్ కణాలు ఇంకా కక్కకుండా ఆపుతుంది. పెద్దవాళ్లకు అర మిల్లీగ్రాము తొడ బయటి వైపు కండలోకి ఇస్తారు, తగ్గకపోతే అయిదు నుంచి పదిహేను నిమిషాల్లో మళ్లీ ఇస్తారు. ఇంత చవకైన ఇంజెక్షన్ సూదులు వేసే ప్రతి గదిలో ఉండాలి. మా వైపు చాలా ఊళ్లల్లో యాంటీబయాటిక్ సూదులు వేసే చోట అది ఉండదు, ఈ విషయంలో నాకు కోపం ఆగదు.

తగ్గాక కూడా కొన్ని గంటలు దవాఖానలోనే ఉంచుతారు, మందు మళ్లీ తగలకపోయినా లక్షణాలు రెండోసారి తిరగబెట్టవచ్చు. బీపీకి అటెనొలాల్, మెటొప్రొలాల్ వాడేవాళ్లకు అడ్రినలిన్ సరిగా పట్టకపోవచ్చు, ఆ సంగతి కూడా డాక్టర్‌కు చెప్పండి.

చీటీ మీద ‘ఏఎస్‌టీ’ (టెస్ట్ చేశాకే సూది వేయాలని) రాశారు, చేతికి టెస్ట్ డోస్ వేసి ఏం కాలేదన్నారు. ఇక ధీమాగా ఉండొచ్చా?

చర్మంలోకి కొద్దిగా మందు ఎక్కించి పదిహేను ఇరవై నిమిషాలు చూస్తారు. అక్కడి మాస్ట్ కణాల మీద ఆ మందుకు సరిపడే ఐజీఈ ఉంటే బొబ్బలా ఉబ్బుతుంది. ఆలోచన బాగానే ఉంది, ఆచరణలోనే లొసుగులు. పెన్సిలిన్ ఒంట్లోకి వెళ్లాక రకరకాల ముక్కలుగా మారి ప్రోటీన్లకు అతుక్కుంటుంది, సరైన పరీక్షలో ఆ ముక్కలను కూడా వాడి చూడాలి. ఉన్న మందునే నీళ్లల్లో కలిపి ఉజ్జాయింపుగా చేసే పరీక్షలో ఘాటు ఎక్కువైతే అలర్జీ లేనివాళ్లకూ చర్మం మండి ఎర్రబడుతుంది, తక్కువైతే ఉన్నది కూడా బయటపడదు. అంతకుముందు అవిల్, సెట్రిజిన్ వేసుకుని ఉంటే ఫలితం తప్పుగా ‘ఏం లేదు’ అని వస్తుంది. ఇక ఆలస్యంగా వచ్చే రియాక్షన్ల గురించి ఈ పరీక్ష అసలేమీ చెప్పదు, అవి ఐజీఈ పని కాదు కాబట్టి.

పాత రియాక్షన్ ఏమీ లేనివాళ్లకు సెఫ్‌ట్రయాక్సోన్ లాంటి సెఫాలోస్పోరిన్ సూదుల ముందు ఇలా చర్మ పరీక్ష చేయమని అంతర్జాతీయ మార్గదర్శకాలు చెప్పవు. టెస్ట్ డోస్ ఎలా ఉన్నా సూది తర్వాత అరగంట అక్కడే కూర్చోండి, బస్సు పోతే ఇంకో బస్సు వస్తుంది.

సెలైన్‌లో వ్యాంకోమైసిన్ ఎక్కిస్తుంటే మెడ, ముఖం ఎర్రగా మండిపోయాయి. ఇదీ అలర్జీయేనా?

చాలావరకు కాదు. ఇక్కడ ఐజీఈ లేకుండానే మందు నేరుగా మాస్ట్ కణం మీదున్న ఎంఆర్‌జీపీఆర్‌ఎక్స్2 అనే తలుపు తట్టి హిస్టమిన్ బయటికి వచ్చేలా చేస్తుంది. 2015లో ఈ దారి బయటపడింది, సిప్రోఫ్లాక్సాసిన్ కుటుంబం కూడా ఇదే తలుపు తట్టగలదు. ముందు ఎప్పుడూ వాడనివాళ్లకు మొదటిసారే రావచ్చు. చుక్కల వేగం తగ్గించి ఎక్కిస్తే వ్యాంకోమైసిన్‌తో చాలామందికి ఇబ్బంది ఉండదు. దీన్ని చూసి ఫైలు మీద ‘అలర్జీ’ అని రాసేస్తే, రేపు అదే మందు తప్పనిసరి అయినప్పుడు చిక్కు.

గోలీలు మొదలుపెట్టిన ఎనిమిదో రోజు ఒళ్లంతా ఎర్రటి పొక్కులు. ఇంత ఆలస్యంగానా?

ఇది వేరే దళం పని. గెల్, కూంబ్స్ అనే శాస్త్రవేత్తలు 1963లో అలర్జీలను నాలుగు రకాలుగా విడదీశారు, ఐజీఈది మొదటి రకం, ఇది నాలుగోది. ఇక్కడ పనిచేసేవి టీ కణాలు అనే ఇంకో రకం కాపలా కణాలు. వాటికి మందును గుర్తుపట్టి, పిల్లలు పెట్టి, సైన్యం కూడగట్టుకుని చర్మానికి చేరడానికి రోజులు పడుతుంది. తొలిసారి వాడేవాళ్లలో వారం పది రోజులకు, ఇదివరకు వాడినవాళ్లలో రెండు మూడు రోజులకే ఛాతీ, వీపు మీద మొదలై పాకుతుంది. దద్దుర్లయితే ఒకచోట లేచి గంటల్లో మాయమై ఇంకొకచోట లేస్తాయి. ఈ పొక్కులు అక్కడే రోజుల తరబడి ఉండి, పొట్టు రాలి పోతాయి. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, డాక్టర్‌కు మీరు చెప్పగలిగే విషయాల్లో చాలా విలువైనది ఇది. ఎక్కువ శాతం ఇవి మందు ఆపితే తగ్గిపోతాయి.

మా బాబుకు జ్వరానికి అమాక్సిసిలిన్ వేస్తే ఒంటి మీద పేలినట్టు వచ్చింది. ఇక ఆ మందు జన్మలో వద్దా?

తొందరపడి తీర్పు ఇవ్వకండి. పిల్లల్లో ఆ జ్వరానికి కారణమైన వైరసే చాలాసార్లు ఒంటి మీద పేలేట్టు చేస్తుంది, మధ్యలో మందు దొరికిపోతుంది. ఎప్‌స్టీన్-బార్ వైరస్ ఉన్నప్పుడైతే ఇంకో విచిత్రం: వైరస్ వల్ల అప్పటికే రెచ్చిపోయి ఉన్న టీ కణాలు అమాక్సిసిలిన్, ఆంపిసిలిన్ తగలగానే చర్మం మీదికి దూకుతాయి, వైరస్ తగ్గాక అదే మందు ఇస్తే చాలామందికి ఏమీ కాదు. ఫొటో తీసి పెట్టుకోండి, తర్వాత పిల్లల డాక్టర్‌కు చూపించి అడగండి. అసలు వైరస్ జ్వరానికి ఆ యాంటీబయాటిక్ ఎందుకు వేశారో కూడా అడగొచ్చు.

మోషన్ల గోలీ వేసుకున్నప్పుడల్లా పెదవి మీద అదే చోట నల్ల మచ్చ. ఇదేం విడ్డూరం?

దీన్ని ఫిక్స్‌డ్ డ్రగ్ ఎరప్షన్ అంటారు, మన దగ్గర చాలా మామూలు. మొదటిసారి వచ్చినప్పుడు కొన్ని టీ కణాలు ఆ చర్మంలోనే కాపురం పెట్టేస్తాయి, చెరువు గట్టు మీద కాపలాదారు గుడిసె వేసుకున్నట్టు. మందు మళ్లీ రాగానే సరిగ్గా అక్కడే దాడి. ముందు ఎర్రగా మంట, తర్వాత నెలల తరబడి పోని నలుపు. కోట్రైమోక్సజోల్, నార్‌ఫ్లాక్సాసిన్-టినిడజోల్ లాంటివి తరచుగా దొరికిపోయే నేరస్తులు. జననాంగాల మీద కూడా వస్తుంది, అప్పుడు జనం ఇంకేదో జబ్బనుకుని ఇంట్లో గొడవలు పడతారు. మందు పేరు కనిపెట్టి మానేస్తే చాలు.

ఎలాంటి లక్షణాలు కనబడితే ఆలస్యం చేయకూడదు?

నోట్లో, కళ్లల్లో, మూత్రం దారిలో పుండ్లు. చర్మం ముట్టుకుంటే నొప్పి, నీటి బొబ్బలు, పొర ఊడిరావడం. ఇవి స్టీవెన్స్-జాన్సన్ సిండ్రోమ్ గుర్తులు, టీ కణాలు విడుదల చేసే గ్రాన్యులైసిన్ లాంటి విషాలు చర్మ కణాలను మూకుమ్మడిగా చంపేస్తున్నాయని అర్థం. మందు మొదలుపెట్టిన నాలుగు రోజుల నుంచి నాలుగు వారాల్లో వస్తుంది. ఇంకొకటి డ్రెస్ (DRESS) అనే తీవ్రమైన రియాక్షన్: రెండు నుంచి ఎనిమిది వారాల్లో జ్వరం, ముఖం వాపు, పొక్కులు, మెడలో గడ్డలు, కాలేయం దెబ్బతిని కళ్లు పచ్చబడటం. మనవాళ్లు దీన్ని కామెర్లు అనుకుని పసరు పోయించడానికి వెళ్తారు. దయచేసి వెళ్లొద్దు, పెద్ద దవాఖానకు పోండి. ఇవి ఒకసారి వచ్చినవాళ్లు ఆ మందును మళ్లీ ముట్టకూడదు, టెస్ట్ డోస్ పేరుతో కూడా.

కోర్సు అయిపోయాక కీళ్ల నొప్పులు మొదలయ్యాయి. మందు వల్లేనా?

కావచ్చు. మా జిల్లాలో కీళ్ల నొప్పి అనగానే ఫ్లోరైడ్ అంటారు, వానాకాలమైతే చికెన్‌గున్యా అంటారు. కానీ మందు మొదలైన ఒకటి నుంచి మూడు వారాల్లో జ్వరం, దద్దుర్లు, కీళ్ల నొప్పులు కలిసి వస్తే ముందు చెప్పిన నాలుగింటిలో మూడో రకం గుర్తుకు రావాలి, యాంటీబాడీలు మందుతో ముద్దలు కట్టి రక్తనాళాల గోడల్లో ఇరుక్కోవడం. పిల్లల్లో సెఫాక్లోర్‌తో దీనిలాంటిదే వస్తుంది. రెండో రకంలో మందు అతుక్కున్న ఎర్ర రక్తకణాలనే యాంటీబాడీలు నాశనం చేస్తాయి, అరుదు, సెఫ్‌ట్రయాక్సోన్‌తో చూశారు.

వంకాయ, చేపలు తిన్నందుకే దద్దుర్లు లేచాయని మా అత్తమ్మ అంటుంది.

వంకాయను వదిలేయండి పాపం. మందు అలర్జీని కూరగాయ పుట్టించదు. చేప అలర్జీ విడిగా ఉండొచ్చు, అది వేరే లెక్క.

మా నాన్నకు పెన్సిలిన్ పడదు. నాకూ పడదని రాయించుకోవాలా?

అక్కర్లేదు. మీ మాస్ట్ కణాల మీద కూర్చునేవి మీ ఐజీఈలు, మీ నాన్నవి కావు.

పెన్సిలిన్ పడకపోతే సెఫిక్సిమ్, సెఫ్‌ట్రయాక్సోన్ కూడా బందేనా?

పాత పుస్తకాల్లో పదిమందిలో ఒకరికి రెండూ పడవని ఉండేది. ఇప్పటి లెక్కల ప్రకారం అది 2 శాతం దగ్గర. రెండింటిలోనూ బీటా లాక్టమ్ ఉంగరమే ఉన్నా, రోగనిరోధక వ్యవస్థ ఎక్కువగా చూసేది ఆ ఉంగరాన్ని కాదు, దాని పక్కన వేలాడే తోకను. సెఫాలెక్సిన్‌కు, ఆంపిసిలిన్‌కు ఒకే తోక, సెఫాడ్రాక్సిల్‌కు, అమాక్సిసిలిన్‌కు ఒకే తోక, కాబట్టి ఈ జతల్లో జాగ్రత్త. ఆపరేషన్ల ముందు ఇచ్చే సెఫజోలిన్ తోక వీటిలో దేనితోనూ కలవదు. ఏది ఇవ్వొచ్చో డాక్టర్ తేల్చాలి, కౌంటర్ దగ్గర నన్ను అడిగితే నేను చెప్పను.

సల్ఫా పడనివాళ్లు కూడా ఇలాగే భయపడుతుంటారు. సల్ఫా మందైన కోట్రైమోక్సజోల్ పడకపోతే గంధకం ఉన్న ప్రతిదీ పడదని కాదు, కాళ్ల వాపుకు ఇచ్చే ఫ్యూరోసెమైడ్‌కు దానికి సంబంధం ఉన్నట్టు రుజువు లేదు.

గుండె కవాటాల జబ్బుకు మూడు వారాలకోసారి పెనిడ్యూర్ అనే పెన్సిలిన్ సూది వేయించుకుంటున్నాం. భయంగా ఉంది, మానేద్దామా?

మానొద్దు. రుమాటిక్ జ్వరం మళ్లీ మళ్లీ వచ్చి కవాటాలను ఇంకా పాడుచేయకుండా ఆపేది ఆ సూదే. అసలైన అనఫిలాక్సిస్ దీనితో చాలా అరుదు. సూది నొప్పికి, భయానికి బీపీ పడి కళ్లు తిరగడం దానికంటే ఎక్కువ, కవాటాలు బాగా దెబ్బతిన్నవాళ్లకు అదే ప్రమాదం కావచ్చు. అందుకే వాళ్లు పడుకుని వేయించుకోవాలి, ముందు నీళ్లు తాగి, ఏదైనా తిని వెళ్లాలి.

చిన్నప్పుడు పడలేదన్నారు, ఇప్పుడు నలభై ఏళ్లు. ఇంకా అలర్జీ ఉన్నట్టేనా?

బహుశా లేకపోవచ్చు. మందు తగలకుండా ఉంటే పెన్సిలిన్ ఐజీఈ ఏటేటా తగ్గిపోతుంది, పదేళ్లు గడిచేసరికి 80 శాతం మందిలో పోతుంది. అమెరికాలో పదిమందిలో ఒకరు తనకు పెన్సిలిన్ పడదని చెబుతారు, పరీక్షిస్తే వాళ్లలో 90 శాతానికి పైగా వేసుకోగలిగినవాళ్లే. ఉత్తి ముద్ర మోస్తూ తిరిగితే నష్టమేంటంటారా? సరిగ్గా పనిచేసే చవక మందు వదిలి ఖరీదైన, ఘాటు మందులకు పోవాల్సి వస్తుంది, మొండి క్రిములు అంటుకునే అవకాశం పెరుగుతుంది. పాత రియాక్షన్ తేలికపాటిదైతే దవాఖానలో డాక్టర్ ఎదురుగా గోలీ ఇచ్చి గమనించే పరీక్ష చేస్తారు. ఇంట్లో సొంతంగా చేసి చూడకండి.

నాకు నిజంగానే రియాక్షన్ వచ్చింది. ఏమేం రాసి పెట్టుకోవాలి?

గోలీ అట్ట వెనుక సన్న అక్షరాల్లో ఉండే అసలు మందు పేరు. బ్రాండ్ పేరు చాలదు, అదే మందు ఇరవై పేర్లతో దొరుకుతుంది. ఏ తేదీ, ఎన్నో డోసు, వేసుకున్న ఎంతసేపటికి వచ్చింది, ఒంటి మీద ఎలా కనిపించింది, దేనితో తగ్గింది. పాలమూరు నుంచి ముంబై, పుణె పనులకు పోయేవాళ్లయితే ఫోన్లో ఒక ఫొటో, జేబులో ఒక కాగితం, రెండూ ఉంచుకోండి, అక్కడి డాక్టర్‌కు మన ‘తెల్ల పొడుగు గోలీ’ అర్థం కాదు. రియాక్షన్‌ను మందుల దుష్ప్రభావాలను నమోదుచేసే కేంద్ర ప్రభుత్వ ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమానికి రోగులే నేరుగా చెప్పొచ్చు, టోల్‌ఫ్రీ నంబరు 1800-180-3024.

పడదని తేలింది, కానీ ఆ మందు తప్ప వేరే దారి లేదంటున్నారు. ఎట్లా?

గర్భిణికి సిఫిలిస్ వస్తే పెన్సిలిన్ తప్ప నమ్మదగిన మందు లేదు, అప్పుడు డీసెన్సిటైజేషన్ చేస్తారు. మామూలు డోసులో వేల వంతుతో మొదలుపెట్టి, పదిహేను నిమిషాలకోసారి రెట్టింపు చేసుకుంటూ, కొన్ని గంటల్లో పూర్తి డోసుకు చేరుస్తారు. మాస్ట్ కణాలు ఒక్కసారిగా పేలకుండా కొద్దికొద్దిగా అలవాటుపడి మొద్దుబారతాయి. అడ్రినలిన్ చేతిలో పెట్టుకుని దవాఖానలో మాత్రమే చేసే పని ఇది, ఐజీఈ రకానికి ఇచ్చే ఈ పద్ధతిని స్టీవెన్స్-జాన్సన్ వచ్చినవాళ్లకు వాడరు. అలర్జీ పోయిందని మాత్రం అనుకోవద్దు. మందు ఒంట్లో ఉన్నన్నాళ్లే ఆ మొద్దుబారడం, కోర్సు అయిపోయి మందు బయటికి పోయిందంటే కణాలు మళ్లీ మేలుకుంటాయి, ఆరు నెలల తర్వాత మళ్లీ అదే మందు కావాల్సి వస్తే మళ్లీ ఆ వేల వంతు చుక్క నుంచే మొదలుపెట్టాలి.